వంగరాని దినములు

ఇంటిపనులలో నడుము వంచకుండ జరుగునవి ఎన్ని కలవో మన సోదరీమణులెన్నడైనను లెక్కవేసి చూచిరా? ఏబదియారేండ్ల వయస్సు వచ్చువరకు మేమును లెక్కవేసినవారము కాము. తెల్లవారి వాకిలి చిమ్ముట మొదలు రాత్రి ప్రక్కలు దులిపి పరచుటవరకు మన దినమంతయు వంగుటతోను లేచుటతోను గడచును. కన్ను మసకబారిన కంటివైద్యుని చూతుము. పన్ను నొచ్చిన లవంగము పెట్టుకొందుము. కాని రోజునకు నూరుమారులు వంగెడి వెన్ను ఒకటి మనకు కలదని, అది మొఱపెట్టువరకు తలచుకొనము.

గత సంవత్సరము భాద్రపదమున మా వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగెను. ఆ పిమ్మట ఆరువారములు వంగరాదు, బరువెత్తరాదు, నడుము మెలి త్రిప్పరాదు అని వైద్యులు కట్టడి చేసిరి. ఈ మూడు నిషేధములను మనస్సున నుంచుకొని మా ఇంటిని పారజూచినపుడు, మేము చేయదగిన పని ఒక్కటియు మాకు కానరాలేదు. ఆ దినములలో మేము పడిన బాధను, దానికంటె ముఖ్యముగ నేర్చిన విషయమును, మా వంటి ఇల్లాండ్రకు ఉపయోగపడునేమోయని వ్రాయుచున్నాము.

దీనికంతకును ఆరంభము ఒక ఆవకాయ జాడీ. వైశాఖమాసమున ఆవకాయ పెట్టి, మూడవనాడు తిరగగలిపి, నేలపైనున్న జాడీని వంగి ఎత్తి, ప్రక్కకు తిరిగి అలమరలో పెట్టబోతిమి. మా వారును కుమారుడును అప్పుడు ఇంటనే యుండిరి. పిలిచిన వచ్చెడివారే. కాని పిలువవలెనను ఊహయే మాకు కలుగలేదు. తడిచేయి తగులునేమోయని ఎన్నడును ఇతరులను ఆ జాడీ దరికి రానిచ్చినవారము కాము. నడుమున ఏదో చిటుక్కుమన్నట్లు తోచెను. జాడీని పదిలముగ పెట్టితిమి గాని, మేము మాత్రము గోడ పట్టుకొని గాని గదిలోనికి రాలేకపోతిమి. మఱునాటికి నొప్పి నడుమును విడిచి, కుడి పిఱుదునుండి పిక్క మీదుగా పాదమువరకు నిప్పుతీగవలె ప్రాకెను.

ఈ జబ్బు క్రొత్తది కాదు. ఆయుర్వేదమున దీనికి గృధ్రసి యని పేరు. గృధ్రమనగా గద్ద జాతికి చెందిన రాబందు. రోగి ఆ పక్షివలె కుంటుచు నడచుననియే ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. మన నడుము భాగమున 5 పూసలు కలవు. ఒక్కొక్క పూసకును నడుమ, బరువును తాళుటకై, మెత్తవంటిది ఒకటి యుండును. దాని అంచు గట్టి పొరలతోను, లోపలిభాగము జిగురువంటి పదార్థముతోను ఏర్పడియుండును. ఆ పొర చిట్లినచో లోపలిది వెలికి ఉబికి, ప్రక్కనే కాలిలోనికి దిగు నరమును ఒత్తును. అందువలన వ్యాధి నడుమునందును, వేదన కాలియందును ఉండును. ఈ సంగతిని 1934వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు స్పష్టముగ ప్రకటించిరి. అంతకుముందు ఆ ఉబికిన ముక్కను చూచి ఏదో కంతి యని భ్రమించెడివారట. మాకు చెడినది నాలుగవ అయిదవ పూసల నడుమనున్న మెత్త.

స్వీడన్ దేశపు వైద్యుడు నాకెమ్సన్ అను నాయన 1960వ దశకమున మనుష్యుల వెన్నులోని ఈ మెత్తలలోనికి సూది పంపి, అందలి ఒత్తిడిని కొలిచెను. పండుకొన్నపుడు అది మిక్కిలి తక్కువ. నిలుచున్నపుడు హెచ్చును. ముందునకు వంగి కూర్చున్నపుడు ఇంకను హెచ్చును. వంగి బరువెత్తినపుడు ఎంతయో హెచ్చును. కూర్చుండి కూరలు తరుగుట విశ్రాంతి యని మనము తలంతుము గదా! గంటసేపు కత్తిపీట మీదికి వంగిన వెన్నునకు అది విశ్రాంతి కాదని మాకప్పుడు తెలిసెను.

నొప్పి పుట్టగానే కత్తికి ఒప్పుకొనవలదు. ఇట్టి నొప్పి పెక్కుమందికి ఆరు మొదలు పండ్రెండు వారములలో శస్త్రచికిత్స లేకయే తగ్గిపోవును. పూర్వము వారములకొలది మంచము దిగవలదనెడివారు. ఇప్పుడట్లు చెప్పరు. 1986వ సంవత్సరమున అమెరికాలో జరిగిన పరిశీలనలో, నడుమునొప్పి కలవారికి రెండునాళ్ల పడక ఎంత మేలుచేసెనో ఏడునాళ్ల పడకయు అంతే చేసెననియు, రెండునాళ్లవారే ముందుగ పనిలోనికి పోగలిగిరనియు తేలెను. శస్త్రచికిత్సను గుఱించియు నార్వే దేశపు వైద్యుడు వెబర్ 1983లో ఒక విషయము ప్రకటించెను. చేయించుకొన్నవారును చేయించుకొననివారును పదియేండ్లకు ఇంచుమించు సమానముగనే యుండిరట. మొదటి సంవత్సరమున మాత్రము చేయించుకొన్నవారికి హెచ్చు సుఖము కలిగెను. ఈ మాటలన్నియు మాకు ఓపికగా విప్పి చెప్పిన వైద్యునికి ఋణపడియున్నాము.

కావున మేమును మూడుమాసములు మందులు పుచ్చుకొని, వ్యాయామములు చేసి, నిరీక్షించితిమి. అంతలో ఒకనాడు మా కుడికాలి చెప్పు వీథిలో జారిపోయెను. పది అడుగులు నడచినను ఆ సంగతి మాకు తెలియలేదు. వెనుక వచ్చుచున్న కోడలు, "అత్తయ్యగారూ, మీ చెప్పు!" యని దానిని చేతబట్టుకొని పరుగెత్తివచ్చెను. ఇంటికి వచ్చి చూచుకొనగా కాలి బొటనవ్రేలు పైకి లేచుటలేదు. నొప్పిని సహింపవచ్చును గాని నరము బలహీనపడుటను ఉపేక్షింపరాదు. కాలిలో సత్తువ తగ్గినను, తొడలనడుమ స్పర్శ పోయినను, మూత్రము బిగిసినను లేక వశము తప్పినను ఒక్కదినమైనను ఆగక వైద్యుని కడకు పోవలెను. కడపటి రెండును కనబడినచో గంటలు కూడ లెక్కకు వచ్చును. సిగ్గుచే దాచుకొనదగిన సంగతి కాదు గనుకనే ఇంత విప్పి వ్రాసితిమి.

వినాయకచవితి వెళ్లిన వారమునకు విశాఖపట్టణమున శస్త్రచికిత్స జరిగెను. సూక్ష్మదర్శినితో చూచుచు, అంగుళము పొడవు గాటులోనుండి ఆ ఉబికిన ముక్కను తీసివైచిరి. ముందురాత్రి మేము నిద్రపోలేదు. మరణభీతి మా కంతగా లేదు. మంచమున పడి ఒకరిచేత చేయించుకొను బ్రదుకు వచ్చునేమోయని మాత్రము వణకితిమి. మెలకువ వచ్చినపుడు మొట్టమొదట మాకు తెలిసినది కాలిలోని నిప్పుతీగ ఆరిపోయినదని. మఱునాడే లేపి నడిపించిరి. మంచము దిగుటకును ఒక పద్ధతి కలదు. నడుము మెలిపడకుండ, భుజములును తుంటియు ఒక్కమారుగ కదలునట్లు దుంగవలె ప్రక్కకు దొర్లి, కాళ్లు క్రిందికి దించుచు, చేతులు ఊతముగ లేవవలెను. పసిబిడ్డ బోర్లపడుట నేర్చినట్లు మేమును నేర్చితిమి.

రాజమహేంద్రవరమునకు కారులో తిరిగివచ్చునపుడు తునిలో ఒకమారు, అన్నవరమున ఒకమారు దిగి పదేసి నిమిషములు నడచితిమి. ఎక్కువసేపు కూర్చుండరాదని ఆజ్ఞ. ఇల్లు చేరినపుడు గుమ్మమున కోడలు ఎఱ్ఱనీళ్లతో దిష్టి తీసెను. రెండేండ్ల మనుమడు చేతులు చాచి, "నానమ్మా, ఎత్తుకో!" యని మా కాళ్లను చుట్టుకొనెను. ఎత్తుకొనలేకపోతిమి. వాని మొగము వాడిపోవుట చూచిన యా క్షణమున, గాయమునకు వేసిన కుట్లన్నిటికంటె అదియే మాకు హెచ్చుగ నొచ్చెను.

ఇక అసలు కథ చెప్పవలెను. ఇన్నేండ్లుగ మేము లేనిచో ఈ ఇల్లు ఒక్కపూటయు సాగదని మాకు దృఢవిశ్వాసము. కోడలు హైదరాబాదులో పెరిగిన పిల్ల. ఇంటినుండియే కంప్యూటరుపై ఉద్యోగము చేయును. వంట రాదని కాదు గాని వంటయిల్లు ఎన్నడును దానిచేతికి చిక్కలేదు, మేము చిక్కనీయలేదు. బ్యాంకు ఉద్యోగము విరమించిన మా వారు కాఫీ త్రాగుట యెఱుగుదురే గాని కాచుట యెఱుగరు. అట్టిది, మేము గదిలో పరుండి చెవియొగ్గి వినుచుండగా, ఉదయమున కుక్కరు కూతపెట్టెను. పోపు వేగెను, ఆవాలు కొంచెము మాడినవి, అంతే. మా వారు డికాషను తీసి, పాలు కాచి, గ్లాసుతో కాఫీ తెచ్చియిచ్చిరి. మనుమడు తినెను. కుమారుడు పనికి పోయెను. ఉప్పెక్కడనున్నదని యైనను మమ్ము ఎవ్వరును అడుగరైరి.

సంతోషింపవలసిన సమయమది. నిజము చెప్పవలెనన్న, మేము గోడవైపు తిరిగి కన్నీరు పెట్టుకొంటిమి. ఎవరును మమ్ము నిందింపలేదు, అందఱును ఆదరించిరి. అయినను, మేము లేకున్నను పొయ్యి వెలుగుచున్నదన్న సంగతి మా కంటికి నీరు తెప్పించెను. ముప్పదియేండ్లు వంగి వంగి కట్టిన యింటిలో మా చోటేదని మనస్సు వెదకుకొనెను. ఇట్టి ఆలోచన కలిగినందులకు సిగ్గుపడితిమి గాని అది కలుగకుండ మానలేదు.

మూడవవారమున ఒక మధ్యాహ్నము కోడలు తలుపువేసికొని ఉద్యోగపు మాటలలో నుండెను. బట్టలుతుకు యంత్రము ఆగినది. ఆకాశము మబ్బుపట్టియున్నది. తడిబట్టలు బకెట్టులో వేసియున్నవి. ఇంత చిన్నపనికి ఎవరిని పిలుతుమనుకొని ఎడమచేత బకెట్టునెత్తి వరండాకు నడచితిమి. వాస్తవముగ బట్టలు ఆరవేయుటకు కాదు, మేమింకను పనికివత్తుమని మాకు మేమే ఋజువు చేసికొనుటకు. మూడవ అడుగున నడుము పట్టెను. బకెట్టు జారి నేలబడెను. ఆ చప్పుడునకు కోడలు పరుగెత్తివచ్చి, కేకలు వేయక, మమ్ము పొదివి పట్టుకొని మంచముకడకు నడిపించెను. తరువాత మా ప్రక్కన కూర్చుండి, "నన్నెందుకు పిలవలేదు అత్తయ్యగారూ?" యని అడిగెను.

"నీ పని చెడుతుందని" అంటిమి. అది అబద్ధమని దానికిని తెలియును. ఒకింతసేపటికి, "నేను లేకపోయినా ఇల్లు నడిచిపోతోందమ్మా. మరి నేనెందుకు?" అను మాట మా నోట వెలువడెను.

అప్పుడామె చెప్పిన మాటలు మేమెన్నటికిని మఱవము. "ఇల్లు ఎలా నడుస్తోందనుకున్నారు? ప్రతి డబ్బా మీద మీరు అంటించిన చీటీలు చదివి వండుతున్నాను. పులుసులో బెల్లం ఎంత వేయాలో తెలియక మూడుసార్లు మీ గది తలుపుదాకా వచ్చాను. మీకు నిద్రాభంగమని వెనక్కి వెళ్లిపోయాను."

తలుపునకు ఈవల మేము, మమ్మెవరును పిలువరైరని దుఃఖించుచుంటిమి. ఆవల ఆమె పిలువ సంకోచించుచు నిలిచియుండెను. ఆవకాయ జాడీనాడు మేము పిలువలేదు; బకెట్టునాడును పిలువలేదు. మా వెన్నును విఱిచినది బరువొక్కటియే కాదని, పిలువని అలవాటు కూడనని ఆనాడు తెలిసికొంటిమి. ఒకరిని పిలుచుట వారికి శ్రమయిచ్చుట యని మనము భావింతుము. అది వారికి చోటిచ్చుట కూడనని మా కంతవఱకు తట్టలేదు.

వెంటనే వైద్యునితో టెలిఫోనులో మాటాడితిమి. కాలిలో తిమ్మిరి హెచ్చలేదు, సత్తువ తగ్గలేదు గనుక భయము లేదనిరి. నాలుగుదినములలో నొప్పి తగ్గినది. అయినను, శస్త్రచికిత్స జరిగినవారిలో కొందఱికి అదే చోట మఱల మెత్త ఉబుకునని, కావున జాగ్రత్త జీవితాంతము వలయునని వారు హెచ్చరించిరి.

ఆనాటినుండి కోడలును మేమును కలిసి ఇంటిని సరిదిద్దితిమి. బియ్యము, పప్పులు, బరువుగల గిన్నెలు నేలనుండియు అటకనుండియు తీసి నడుమెత్తు అరలోనికి మార్చితిమి. 20 లీటర్ల మంచినీళ్ల డబ్బా 20 కిలోల బరువు. దానిని ఎత్తుట పూర్తిగ కుమారుని వంతు. పొడవుపిడి చీపురు కొంటిమి. కత్తిపీట అటకెక్కెను; బల్లపై చాకుతో కూరలు తరుగుట అలవడెను. ఏ పనియైనను అరగంటకు మించి ఒకే భంగిమలో చేయరాదని నియమము పెట్టుకొంటిమి. నేలపైనిది తీయవలసివచ్చినచో నడుము వంచక మోకాళ్లు వంచి, వస్తువును ఒడలికి చేర్చుకొని లేవవలెను. నడక మొదట ఇంటిలోనే అయిదునిమిషములు. కార్తికమాసమునకు గోదావరి గట్టుపై అరగంట నడువగలిగితిమి. దీపములు నీటిలో వదలుటకు వంగలేదు. మా దీపమును మనుమనిచేత, వాని తల్లి పట్టుకొనియుండగా, వదలించితిమి.

ఆ మనుమని సంగతియు చెప్పవలెను. మేము వానిని ఎత్తుకొనలేము గనుక వాడే ఉపాయము కనిపెట్టెను. మేము కుర్చీలో కూర్చుండగనే చిన్న పీట ఈడ్చుకొనివచ్చి, దానిపై కెక్కి మా మెడ కౌగిలించుకొనును. "నానమ్మకి ఉవ్వా, నేనే ఎక్కుతా" యని వచ్చినవారికెల్ల చెప్పును. వాడు నేర్చినంత తేలికగ మేము నేర్వలేకపోతిమి.

సంక్రాంతి వచ్చెను. ముప్పదియేండ్లుగ ఆ వాకిట ముగ్గు మాదే. ఆరువారముల గడువు దాటి చాలకాలమైనను, గంటసేపు వంగియుండుట మాకింకను తగదు. భోగినాటి తెల్లవారుజామున మంచులో కుర్చీ వేయించుకొని, శాలువ కప్పుకొని కూర్చుంటిమి. "15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చేదాకా" అని మేము చెప్పగా, కోడలు పిండి చేతబట్టుకొని చుక్కలు పెట్టెను. నాలుగవ వరుస వంకరపోయెను. మా చేయి ఊరకుండలేక కుర్చీచేతిని పట్టుకొనెను. చెఱిపివేయుమనుట నోటివరకు వచ్చి ఆగెను. ముగ్గు పూర్తియగునప్పటికి ఒకప్రక్క కొంచెము కుంగి, ఆ కుంగుదలలోనే ఒక తామర క్రొత్తగ వచ్చియుండెను. పొరుగమ్మ వచ్చి చూచి, "ఈ ఏడు ముగ్గు ఎవరిదండీ?" యని అడిగినది. కోడలు మావైపు చూచెను. మేము కోడలివైపు చూచితిమి. "మా ఇద్దరిదీ" అని మేమే ముందుగ అంటిమి.

ఇప్పుడు మేము వంట చేయుచున్నాము; గుడికి పోవుచున్నాము; రైలెక్కి చుట్టములను చూచివచ్చుచున్నాము. కుడి బొటనవ్రేలియందు కొంత మొద్దుబారుట మిగిలియున్నది. అది పోవచ్చును, పోకుండవచ్చును. మేము మఱల మామూలు మనుష్యులమైతిమని అందఱు ననుచున్నారు. అది సగమే నిజము. మునుపటి మామూలునకు మేము పోలేదు; పోదలచుకొనలేదు.

సోదరీమణులారా, మీ నడుములు దృఢముగనున్నపుడే రెండు పనులు చేయుడు. మీ ఇంటనున్న బరువులలో ఒక్కదానినైనను ఇంకొకరి చేతిలో పెట్టుడు. వారు వంకరగ చేసినను కొంచెము ఓర్చుకొనుడు. తలుపుకు ఆవల ఎవరో మీ పిలుపునకై నిలిచియుండవచ్చును.

ఈ యేటి ఆవకాయ మొన్ననే పెట్టితిమి. కారము, ఉప్పు, ఆవపిండి పాళ్లు మేము చెప్పితిమి, కలిపినది కోడలు. మూడవనాడు తిరగగలిపిన పిమ్మట జాడీని అలమరలో పెట్టుటకు, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" యని మా వారిని పిలిచితిమి. పొడిచేతులు మఱొకమారు తుడుచుకొని వారు వచ్చిరి.